రోడ్డెక్కకముందు రోడ్డు: వాహన చోదన శిక్షణలో అనుకరణ యంత్రాలు

జంషెడ్‌పూర్ నగరంలో తూర్పు వైపున బారిడీహ్ అనే పేట ఉన్నది. దానికి దగ్గరలోనే టెల్కో ప్రాంతం. 1945లో స్థాపితమైన టెల్కో సంస్థ (2003లో టాటా మోటార్స్‌గా పేరు మారినది) 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో ఈ నగరంలో లారీల నిర్మాణం చేపట్టింది. హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ భాషలతోపాటు తెలుగు కూడ ఇక్కడి వీధులలో వినవస్తుంది. ఉక్కు కర్మాగారంలో పనికై ఉత్తరాంధ్రనుండి తరలివచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి ఒక గుర్తు.

లారీని నిర్మించడం ఒక విద్య. దానిని నడపడం మరొక విద్య. మొదటిదానిని కర్మాగారంలో క్రమపద్ధతిలో నేర్పుతారు. రెండవది మన దేశంలో చాలకాలం క్లీనరుగా చేరి, డ్రైవరు పక్కన కూర్చుండి, చూచి నేర్చుకొనే విద్యగానే ఉండిపోయింది. 2022వ సంవత్సరంలో దేశంలోని రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలుపుతున్నది. ఈ మరణాలన్నింటికీ శిక్షణాలోపమే కారణమని అనలేము. రోడ్ల నిర్మాణం, వాహనాల స్థితి, మద్యపానం, శిరస్త్రాణం ధరించకపోవడం, ఇవన్నీ కారణాలే. అయినను అపాయాన్ని ముందుగా పసిగట్టే చూపు అలవడని చోదకుని చేతిలో మంచి వాహనం సైతం ప్రమాదకరమే.

ఆ చూపును నేర్పడమెట్లు? ఆగియున్న బస్సు చాటునుండి బంతి వెంట ఒక బాలుడు పరుగెత్తి వస్తాడని అనుకొందాము. ఈ పాఠాన్ని నిజమైన రోడ్డుమీద ఎవరును చెప్పలేరు, చెప్పరాదు. ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నవారు విమాన చోదకులు. అమెరికాలో వాద్యయంత్రాల తయారీదారుని కుమారుడైన ఎడ్విన్ లింక్, ఆర్గన్ వాద్యాలలో వాడే గాలి తిత్తులతోనే ఊగే చిన్న విమానాన్ని 1929 నాటికి తయారుచేశాడు. తొలుత అది వినోదశాలలకే అమ్ముడుపోయింది. 1934లో తపాలా మోసే సైనిక విమాన చోదకులు ప్రతికూల వాతావరణంలో వరుసగా మరణించిన పిమ్మటనే సైన్యం దానిని కొన్నది. ఉపయోగం ముందే తెలిసినను ప్రాణాలు పోయిన తరువాత కొనడం మానవ స్వభావం కాబోలు.

రోడ్డు వాహనాలకు ఈ పద్ధతి ఆలస్యంగా వచ్చింది. డైమ్లర్-బెంజ్ సంస్థ 1985లో బెర్లిన్ నగరంలో పెద్ద అనుకరణ యంత్రాన్ని నెలకొల్పింది. కారును ఇముడ్చుకొన్న గోళాకారపు గదిని ఆరు హైడ్రాలిక్ కాళ్లు కదలిస్తాయి. మన శిక్షణశాలలలో సాధారణంగా కనిపించే యంత్రం అంత ఖరీదైనది కాదు. ఒక ఆసనం, స్టీరింగు, క్లచ్చి, బ్రేకు, గేరు, ఎదుట తెరలు, అంతే. వర్చువల్ రియాలిటీ కళ్లజోడు ధరిస్తే తెరలు కూడ అవసరం లేదు. తల ఎటు తిప్పితే అటు దృశ్యం తిరుగుతుంది. ఇందులోని గొప్ప లాభం ఏమనగా, విద్యార్థి కూడలి వద్ద ఎడమకు, కుడికి చూచినాడా లేదా అన్నది గురువుకు తెలిసిపోతుంది. వానను, రాత్రిని, పొగమంచును కోరినప్పుడు కురిపించవచ్చు. చేసిన తప్పును మళ్లీ చూపవచ్చు.

ఇక పరిమితులు. బ్రేకు వేసినప్పుడు శరీరం ముందుకు తూలే అనుభూతిని స్థిరమైన ఆసనం ఇవ్వలేదు. కన్ను కదలికను చూస్తుండగా శరీరం కదలకపోవడంచేత కొందరికి వికారం, తలతిప్పు కలుగుతాయి. అంతకంటె పెద్ద అపాయం అతివిశ్వాసం. నార్వేలో జారుడు రోడ్లపై వాహనాన్ని అదుపుచేయడం నేర్పినప్పుడు, శిక్షణ పొందిన యువకులలో ఆ రకపు ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్లు పరిశీలనలో తేలింది. వారికి నేర్పు వచ్చిందన్న ధీమా వచ్చింది, వేగం పెరిగింది. కావున యంత్రం నైపుణ్యాన్ని కాక జాగ్రత్తను నేర్పేలా పాఠాలు కూర్చవలెను. బ్రిటన్‌లో 2002 నుండి లైసెన్సుకై జరిపే పరీక్షలో చలనచిత్రాలు చూపి, అపాయాన్ని ఎంత త్వరగా గుర్తించారో కొలుస్తున్నారు. ఇది చౌకైన మార్గం, నా దృష్టిలో మన పాఠశాలలకు మరింత అనువైనది.

మన దేశంలో 2021 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు అనుకరణ యంత్రాలు, ప్రత్యేక పరీక్షామార్గం ఉండవలెను. తేలిక వాహనాలకు 29 గంటలు, భారీ వాహనాలకు 38 గంటల శిక్షణ నిర్ణయించారు. అనేక భాషలు కలిసే బారిడీహ్ వంటి చోట యంత్రం పలికే సూచనలు నేర్చుకొనేవాని భాషలో ఉండడం ముఖ్యం. రోడ్డు గుర్తులు దేశమంతటా ఒక్కటే. కాని “నెమ్మది” అన్న మాట తల్లిభాషలో వినబడినప్పుడు పాదం త్వరగా కదులుతుంది.

యంత్రం లేని పాఠశాల కూడ ఒక పాఠం చెప్పవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. అపాయం కనబడి పాదం బ్రేకుపై పడేలోగా 1.5 సెకన్లు గడిచినవనుకొంటే, 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డుపై ఆగడానికి మరి సుమారు 20 మీటర్లు, తడి రోడ్డుపై 35 మీటర్లు పట్టవచ్చు. వేగం 30కి తగ్గిస్తే పొడి రోడ్డుపై మొత్తం 18 మీటర్లు చాలును. ఆటస్థలంలో 18, 45, 60 మీటర్ల వద్ద సున్నపు గీతలు గీసి, ఒక్కొక్క గీత వద్ద ఒక బాలుని నిలిపి, ప్రారంభ స్థానంనుండి విద్యార్థులచేత నడిపించవలెను. నేలమీద ఈ కొలత చూచిన తరువాతనే వారిని యంత్రం ముందు కూర్చుండబెట్టడం మేలు.