దండి చేతికి ఒదుగవలెను

పెనుగొండ

చిరంజీవి మేనల్లునకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

విద్యుత్ గిటారు కొనదలచితివనియు, నలుపు మేలో ఎఱుపు మేలో, ఏ కంపెనీ పేరు గొప్పదో తెలుపవలెననియు వ్రాసిన నీ యుత్తరము చేరినది. రంగుల సంగతి నా కంతగా తెలియదు. కంపెనీ పేరు వాద్యపు తలమీద నుండును, నీ యెడమచేయి కాపురముండవలసినది దానికి దిగువను. కావున నీవడుగని ప్రశ్నకే, అనగా మీరు నెక్ అనెడి ఆ దండి వెడల్పెంత, దాని వీపు ఏ తీరున నున్నది యను దానికే, ముందుగా బదులు వ్రాయుచున్నాను.

ఇరువదియవ యేట, పెండ్లిపందిళ్లలోను శ్రీరామనవమి చలువపందిళ్లలోను వాయించు మోజు పుట్టి, మీ అమ్మమ్మ దాచిన ధాన్యపు సొమ్ము పట్టుకొని మద్రాసు పోయి, ఒక దుకాణపు టద్దాల బీరువాలో మెరయుచున్న గిటారును, ఒక్క నిమిషమైనను ఒడిలో నుంచుకొని చూడక, కొని తెచ్చితిని. దాని దండి వీపు రోకలివలె బలిసియుండెను. నాది చిన్నచేయి. చూపుడువ్రేలిని అడ్డముగా పఱచి ఆఱు తీగలను ఒక్కమారు నొక్కవలసిన బారె కార్డు పట్టినప్పుడెల్ల నడిమి తీగ మ్రోగక టక్కుమని చచ్చెడిది. మణికట్టు వాచి ఉప్పు కాపడము పెట్టించుకొన్న రాత్రులెన్నియో. మూడేండ్లు తప్పంతయు నా సాధనలోనే యున్నదని నమ్మితిని. పిదప నొకనాడు స్నేహితుని గిటారు, పలుచని వీపు గలది, సరదాకు పట్టుకొనగా ఆ కార్డే తొలిపట్టునకు గంటవలె పలికినది. అప్పటి సంతోషముకన్న, పోయిన మూడేండ్లపై కలిగిన ఉక్రోషమే యెక్కువ.

తలకడ తీగలు దిగు గాళ్లపట్టీని నట్ అందురు. అక్కడి వెడల్పు నైలాను తీగల క్లాసికల్ గిటారుకు సుమారు 52 మిల్లీమీటర్లు. 1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ జాతికి నేడు సామాన్యముగా 42, 1952 నాటి గిబ్సన్ లెస్ పాల్ జాతికి 43. ఒక్క మిల్లీమీటరేగదా యని నవ్వకుము; వ్రేలికొన ప్రక్కతీగను తాకునో తాకదో నిర్ణయించునది అదియే. తీగ పొడవు స్ట్రాటోకాస్టరుకు 648, లెస్ పాలుకు 628 మిల్లీమీటర్లు గనుక లెస్ పాలులో మెట్లు కొంచెము దగ్గరగా నుండి వ్రేళ్లు చాచుట సులువు. మెట్ల పలక వంపును కూడ చూడుము: పాత ఫెండర్లవలె మిక్కిలి గుండ్రమైనచో బారె సుఖముగా కుదురును గాని, తీగను ప్రక్కకు లాగినప్పుడు అది మెట్టునకు ఒరసి నాదము చచ్చును. వీపు ఆకృతులను సి, డి, యు, వి యను అక్షరములతో పిలుతురు. పలుచనిదే ఎల్లవారికి మేలని దుకాణమువా రందురు, నేనంగీకరింపను. పెద్దచేయి గలవానికి అరచేత ఆనునది లేనిచో బొటనవ్రేలి మొదలు పట్టివేయును.

దండి చేతికి తగియుండుటయే ముఖ్యమనుటకు నిదర్శనము కొఱకు దూరము పోనక్కరలేదు, పాలకొల్లు మన పొరుగే. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, తండ్రి సత్యనారాయణగారి మాండలిన్‌ను పసితనముననే చేతబట్టి, గాత్ర విద్వాంసులు చెంబైగారి శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి చూపగా వాయించి, 1978లో గుడివాడ త్యాగరాజోత్సవములలో కచేరీ చేసెను. నాలుగు జతల తీగల మాండలిన్ మన గమకమునకు లొంగదు. ఆయన జతలు విడిచి ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్ పట్టెను. సన్నని దండి, కొలదిపాటి వెడల్పు. అయినను ఆ చేతికి చాలినది. ఆయనతో తరువాత కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, అంతకు పూర్వమే శక్తి బృందపు రోజులలో, తన గిటారు మెట్ల నడుమ పలకను గుంటలుగా తొలిపించుకొనెను. మైనముపై నిలిపిన 24 మెట్ల నడుమ వీణతీగ యెట్లు సాగునో చూచినవానికి ఇది గమకము కొఱకేనని వేఱుగా చెప్పనక్కరలేదు. నీవు సినిమా పాటలకు కార్డులే వాయింతువో, కీర్తనలు కూడ పలికింపగోరుదువో ముందు తేల్చుకొనుము. దండి ఎంపికలో సగము అక్కడనే తెమలును.

దుకాణములో కూర్చుండి, ఆంప్లిఫయరు కలుపకయే, మొదటి మెట్టుపై ఎఫ్ బారె పట్టి ఐదు నిమిషము లుంచుము. పన్నెండవ మెట్టువఱకు పోయి రమ్ము. మెట్ల అంచులు అరచేతిని గీరుచున్నవేమో చూడుము. భుజమునకు పట్టీ తగిలించుకొని నిలుచుండియు వాయింపుము, కూర్చున్నప్పటి మణికట్టు నిలుచున్నప్పు డుండదు. తీగలు ఎత్తుగా నున్నవని మాత్రము గిటారును తోసివేయకుము. దండిలోని ఇనుపకమ్మిని త్రిప్పియు, వంతెనను దించియు మరమ్మతుచేయువాడు దానిని సరిచేయగలడు. వెడల్పును, వీపును అంత సులువుగా ఎవడును మార్చజాలడు. నిగనిగలాడు వార్నీషు మన డెల్టా చెమటకు చేతికి అంటుకొనును, మెఱుపు లేనిదే పుచ్చుకొనుము.

కొనుటకు ముందొక ఆదివారము భీమవరమున బస్సెక్కి ఇటు రమ్ము. ఆ రోకలి గిటారు అటకమీదనే యున్నది, దింపి తుడిచి క్రొత్త తీగలు వేసి యుంచెదను. నీ చేయి నాకన్న పెద్దదిగదా, నీకు కుదురునేమో చూతము. ఎడమచేతి గోళ్లు కత్తిరించుకొని రమ్ము.

ఇట్లు,
మామయ్య