సర్వర్‌లో జాగా మాయమైందా? కొత్త డిస్కు కొనేముందు ఈ చిట్కాలు

మా ఇంటి ముందుగదిలోనే ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలు, వీడియోలు, సీసీ కెమెరా రికార్డింగు, లెక్కల పద్దు అన్నీ మూలనున్న ఉబుంటు సర్వర్‌లోనే. మా ఆయన షూటింగుకని నంద్యాలకో ప్రొద్దుటూరుకో పోతే దాన్ని చూసుకునేది నేనే. కర్నూలు, కడపల్లో ఇట్ల ఇంట్లోనే మీసేవ, డీటీపీ, ట్యూషన్ సెంటరు నడుపుకునే ఆడవాళ్లు శానామంది ఉన్నారు. ‘డిస్కు నిండింది’ అని తెర మీద కనబడగానే కొత్తది కొనడానికి పరిగెత్తకండి అక్కా. పోయిందనుకున్న జాగా చాలాసార్లు లోపలే ఉంటుంది, వెతికే పద్ధతి తెలిస్తే చాలు.

ఆదేశాలు పలికినట్టే తెలుగులో రాశాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి, ‘మైనస్’ అన్నచోట అడ్డగీత పెట్టండి, చాలావాటికి ముందు ‘సుడో’ కావాలి.

1. ముందు ఏదీ డిలీట్ చేయొద్దు. ‘డీఎఫ్ మైనస్ హెచ్’ కొట్టి ఏ భాగం ఎంత శాతం నిండిందో కాగితం మీద రాసుకోండి, తప్పు చోట వెతికే శ్రమ తప్పుతుంది.

2. 1 టీబీ డిస్కు 931 జీబీ అని చూపిస్తే కొట్టతనితో గొడవ పడకండి. తయారుచేసేవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, కంప్యూటరు 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా.

3. కొత్తగా ఉబుంటు సర్వర్ వేసుకున్నారా, 500 జీబీ డిస్కులో 100 జీబీయే కనబడుతోందా? మిగతాది ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మార్చకపోతే ఉబుంటు పెద్ద డిస్కులో 100 జీబీ వరకే వాడకానికి ఇచ్చి, తక్కినదాన్ని ఎల్‌వీఎంలో ఖాళీగా ఉంచుతుంది. ‘వీజీఎస్’ కొడితే ఆ ఖాళీ తెలుస్తుంది, ‘ఎల్‌వీఎక్స్‌టెండ్’కు ఎంత పెంచాలో చెప్పి, మైనస్ ఆర్‌తో కలిపి కొడితే సర్వర్ నడుస్తుండగానే మొత్తం చేతికొస్తుంది. పైసా ఖర్చు లేకుండా 350 జీబీ పైనే.

4. క్లౌడ్‌లో అద్దె సర్వర్‌కు డిస్కు పెంచి డబ్బు కట్టినా పాత సైజే చూపిస్తోందా? ‘గ్రోపార్ట్’తో పార్టిషన్‌ను, ‘రీసైజ్2ఎఫ్ఎస్’తో ఫైల్ సిస్టమ్‌ను కూడా పెంచాలి, లేకపోతే కట్టిన డబ్బు వృథా.

5. ఈఎక్స్‌టీ4 డిస్కు నూటికి 5 వంతులు అడ్మిన్ కోసం పక్కన పెట్టుకుంటుంది, అంటే 4 టీబీలో 200 జీబీ. ఉత్త ఫొటోలు దాచుకునే డిస్కు అయితే ‘ట్యూన్2ఎఫ్ఎస్ మైనస్ ఎం 1’ అని దాన్ని ఒక వంతుకు తగ్గించండి, 160 జీబీ మిగులుతుంది. సిస్టమ్ ఉన్న డిస్కు జోలికి మాత్రం పోవద్దు, ఇరుకున పడ్డప్పుడు లోపలికి పోనిచ్చేది ఆ 5 వంతులే.

6. ఏ ఫోల్డరు బరువుగా ఉందో చూడ్డానికి ‘డీయూ మైనస్ హెచ్ఎక్స్‌డీ1 స్లాష్’ కొట్టండి. అందులో ఎక్స్ మరిచిపోవద్దు, అదుంటే వేరే డిస్కుల లెక్క కలవదు.

7. డీయూకు ముందు సుడో తప్పనిసరి. లేకపోతే తాళం వేసిన ఫోల్డర్లను వదిలేసి లెక్క తక్కువ చూపిస్తుంది, మీరు లేని మాయ కోసం వెతుకుతుంటారు.

8. రోజూ వాడేదానికి ‘ఎన్‌సీడీయూ’ వేసుకోండి. పెద్ద ఫోల్డర్లు పైన, చిన్నవి కింద వరసగా వస్తాయి, బాణం కీలతో లోపలికి పోతూ చూసుకోవచ్చు, ఉచితం కూడా.

9. డీఎఫ్ 90 జీబీ అంటుంది, డీయూ 40 అంటుంది. అసలు ‘మాయం’ ఇదే, భయపడొద్దు. నడుస్తున్న ప్రోగ్రాము ఒక ఫైలును తెరిచి పెట్టుకున్నప్పుడు మనం దాన్ని డిలీట్ చేస్తే, వాకిట్లో పేరు బోర్డు తీసేసినా అద్దెకున్నవాళ్లు ఇంట్లోనే ఉన్నట్టు, పేరు పోతుంది గానీ జాగా ఖాళీ కాదు. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ ప్లస్ ఎల్1’ కొడితే (ఇక్కడ ఎల్ పెద్ద అక్షరం) అట్లాంటి ఫైళ్లు, వాటిని పట్టుకున్న ప్రోగ్రాములు పేర్లతో సహా వస్తాయి.

10. ఆ ప్రోగ్రామును ఒక్కదాన్నే ‘సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్’ చేయండి, జాగా అప్పటికప్పుడే వచ్చేస్తుంది. సర్వర్ మొత్తాన్ని ఆపి లేపే పని లేదు, కౌంటర్లో నిలబడ్డవాళ్లకు ఇబ్బందీ లేదు.

11. నడుస్తున్న లాగ్ ఫైలు ఉబ్బిపోతే దాన్ని డిలీట్ చేయకుండా ‘ట్రంకేట్ మైనస్ ఎస్ సున్నా’తో లోపలిది మాత్రం తుడిచేయండి. పైన చెప్పిన తంటా మొదలే కాదు.

12. ఇప్పుడు మన కరెంటు సంగతి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటి, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిందనుకోండి. సర్వర్ తానుగా లేస్తుంది, బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్కు ఒక్కోసారి లేవదు. రాత్రి బ్యాకప్ ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు, ‘బ్యాకప్’ అనే ఖాళీ ఫోల్డరు కనబడుతుంది కాబట్టి అందులోనే పోస్తుంది. అదంతా చేరేది అసలు సిస్టమ్ డిస్కులో. తెల్లారి మీరు యూఎస్‌బీ డిస్కును మళ్లీ తగిలిస్తే అది ఆ ఫోల్డరు మీద కప్పుకుంటుంది, కింద పడ్డ ఫైళ్లు డీయూకు కూడా కనబడవు. మన వైపు జాగా మాయమైందంటే నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే.

13. కింద దాగినదాన్ని చూడాలంటే ‘మౌంట్ మైనస్ మైనస్ బైండ్’ అని సిస్టమ్ డిస్కును వేరే ఖాళీ ఫోల్డరులో ఇంకోసారి తగిలించి, అక్కడ డీయూ కొట్టండి. ఏ డిస్కునూ ఊడదీయకుండానే మరుగున పడ్డ ఫైళ్లన్నీ బయటపడతాయి.

14. బ్యాకప్ స్క్రిప్టు మొదట్లో ‘మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ’ అనే పరీక్ష పెట్టించండి. డిస్కు తగిలి ఉంటేనే కాపీ మొదలవుతుంది, లేకపోతే ఆగిపోతుంది.

15. యూఎస్‌బీ డిస్కు తగిలించకముందు ఆ ఖాళీ ఫోల్డరుకు ‘ఛాట్టర్ ప్లస్ ఐ’ తాళం వేయండి. ఇక డిస్కు లేనప్పుడు అందులో ఎవరూ ఏమీ రాయలేరు, పని అర నిమిషం.

16. యూపీఎస్‌కు సర్వర్ ఒక్కదాన్నే కాదు, బయటి డిస్కు అడాప్టరును కూడా తగిలించండి. చాలా ఇళ్లలో దాన్ని మామూలు ప్లగ్గులో వదిలేస్తారు, గొడవ అక్కడే మొదలు.

17. డీఎఫ్‌లో సగం ఖాళీ ఉన్నా ‘జాగా లేదు’ అంటోందా? ‘డీఎఫ్ మైనస్ ఐ’ కొట్టండి. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడు కావాలి. ఈఎక్స్‌టీ4 మామూలుగా 16 కేబీకి ఒకటి చొప్పున ఇస్తుంది, 100 జీబీకి సుమారు 65 లక్షలు. చిన్నచిన్న ఫైళ్లు కోట్లలో పడితే జాగా ఉండి కూడా కొత్త ఫైలు పుట్టదు.

18. ఆ చిన్న ఫైళ్లు ఎక్కువగా పీహెచ్‌పీ సెషన్లలో, మెయిల్ క్యూలో, ఫొటోల థంబ్‌నెయిళ్లలో ఉంటాయి. పాతవాటిని ‘ఫైండ్’తో ఏరేయండి, ముందు ‘మైనస్ ప్రింట్’తో జాబితా చూసుకుని ఆ తర్వాతే ‘మైనస్ డిలీట్’ పెట్టండి.

19. ‘జర్నల్‌సీటీఎల్ మైనస్ మైనస్ డిస్క్ మైనస్ యూసేజ్’ కొడితే సిస్టమ్ డైరీ ఎంత తింటోందో తెలుస్తుంది. ‘మైనస్ మైనస్ వాక్యూమ్ మైనస్ సైజ్’ 500 ఎంబీ అని పెడితే దాని 3, 4 జీబీలు ఒక్క దెబ్బతో తగ్గుతాయి.

20. మిగతా లాగ్‌లకు ‘లాగ్‌రొటేట్’ ఉందో లేదో చూడండి. వారానికొకసారి మడిచి, కుదించి, నాలుగు వారాలవే ఉంచమంటే మీరు దాని మొహం చూడనక్కర్లేదు.

21. ఒక లాగ్ రాత్రికి రాత్రే జీబీల్లో పెరిగితే తుడిచి ఊరుకోకండి. ‘టెయిల్’ కొట్టి చివరి వరసలు చదవండి, ఒకే తప్పు మళ్లీమళ్లీ రాసి ఉంటుంది. ఆ తప్పు సరిచేస్తేనే పెరగడం ఆగుతుంది.

22. ‘ఆప్ట్ క్లీన్’ దించుకున్న ప్యాకేజీలను, ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ పాత కెర్నళ్లను తీసేస్తుంది. బూట్ ఫోల్డరులో చేత్తో డిలీట్ చేయొద్దు, సర్వర్ లేవకపోతే మెకానిక్కు ఖర్చు మీద పడుతుంది.

23. ఫైల్ మేనేజరులో డిలీట్ చేసినవి చెత్తబుట్టలోనే ఉంటాయి, అదీ ఒక్కో యూజరుకు ఒక్కోటి. పనిపిల్లలందరి లాగిన్లలోనూ ఖాళీ చేయించండి, పెన్‌డ్రైవుల్లో దాగిన ట్రాష్ ఫోల్డర్లు కూడా.

24. షేర్ చేసిన ఫోల్డరుకు, న్యాస్ పెట్టెకు వేరే రీసైకిల్ బుట్ట ఉండొచ్చు. నెల దాటినవి తానే తీసేసేలా అక్కడ గడువు పెట్టండి.

25. మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ ఫైళ్లు మామూలుగా 30 రోజులు నిలవ ఉంటాయి. వేరే సర్వర్‌కు కాపీ పోకుంటే గడువు వారానికి తగ్గించండి, పాతవి తీయడానికి ‘పర్జ్ బైనరీ లాగ్స్’ వాడండి, ఫైలును చేత్తో చెరపొద్దు.

26. లెక్కల పట్టికలో పాత పద్దులు డిలీట్ చేసినా ఫైలు సైజు తగ్గదు, ‘ఆప్టిమైజ్ టేబుల్’ చేయాలి. అది చేయడానికి పట్టికంత ఖాళీ కావాలి కాబట్టి నిండిపోయాక కాదు, ముందే చేసుకోండి.

27. డాకర్ వాడుతుంటే ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ చూసి ‘ప్రూన్’ చేయండి. కంటైనరు లాగ్‌కు గరిష్ఠ సైజు మనమే పెట్టాలి, పెట్టకపోతే దానికి హద్దే లేదు.

28. సీసీ కెమెరా లెక్క నోటికి వచ్చేలా పెట్టుకోండి. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్‌తో రికార్డు చేస్తే రోజుకు 21 జీబీ పైనే, నాలుగు కెమెరాలకు 86 జీబీ, అంటే 1 టీబీ 11 రోజులకే నిండుతుంది. హెచ్.265 పెడితే దాదాపు సగమవుతుంది, కదలిక ఉన్నప్పుడే రికార్డు చేయమంటే ఇంకా తగ్గుతుంది. రికార్డింగును సిస్టమ్ డిస్కులో మాత్రం పెట్టకండి.

29. పాసుపుస్తకాలు, దస్తావేజులు స్కాన్ చేసేవాళ్లకు ఒక మాట. 300 డీపీఐలో ఏ4 రంగుల పేజీ కుదించకుండా దాస్తే 26 ఎంబీ, గ్రేస్కేలులో మూడో వంతు. ముద్రలు, సంతకాల రంగు అవసరమైన పేజీలకే రంగు పెట్టండి.

30. ఒకే పెళ్లి ఫొటోలు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ అసలైనది’ అని మూడు ఫోల్డర్లలో ఉంటాయి. ‘ఎఫ్‌డూప్స్’ ఒకేలా ఉన్నవాటిని పట్టిస్తుంది. మన కడపలో బ్రౌన్ దొర పండితులను పెట్టి ఒకే కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పోల్చి చూశాకే ఒక శుద్ధప్రతి రాయించేవాడు. మీరూ పోల్చి చూశాకే ఒకటి ఉంచి మిగతావి తీయండి, పేరు ఒకటే కదా అని తీసేయొద్దు.

31. డేటాబేసు బ్యాకప్‌లను జీజిప్‌తో కుదించి, ఏడు రోజులవి, నెలకొకటి చొప్పున ఆరు ఉంచుకుంటే చిన్న వ్యాపారానికి చాలు. ఏడాది పొడవునా రోజుకొకటి దాచితే కొత్త డిస్కు ఖర్చు దానికే.

32. ‘ప్రాక్’ ఫోల్డరులో ‘కేకోర్’ అనే ఫైలు 128 టీబీ అని కనబడితే గుండె పట్టుకోవద్దు. అది డిస్కులో ఉన్నది కాదు, ముట్టుకోకండి.

33. వర్చువల్ మెషీన్ ఫైలు ‘ఎల్ఎస్’లో 100 జీబీ, డీయూలో 12 జీబీ అంటే డీయూ మాటే నిజం. మిగతాది ఇంకా రాయని ఖాళీ.

34. విండోస్ పీసీనే సర్వర్‌గా వాడేవాళ్లు, నిద్ర అవసరం లేదు కాబట్టి ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’ కొట్టండి. హైబర్‌నేషన్ ఫైలు పోయి జీబీలు మిగులుతాయి.

35. విండోస్‌లో లెక్కకు అందని జాగా చాలాసార్లు పాత రిస్టోర్ పాయింట్లది. ‘సిస్టమ్ ప్రొటెక్షన్’లో దానికి 5 శాతం హద్దు పెట్టండి. ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ ఫోల్డరును మాత్రం చేత్తో కోయొద్దు, డిస్క్ క్లీనప్‌కే వదిలేయండి.

36. ‘ఎఫ్అలొకేట్’తో 2 జీబీ ఉత్త ఫైలు ఒకటి చేసి పక్కన పెట్టుకోండి. డిస్కు పూర్తిగా నిండి పని ఆగిన రోజు దాన్ని తీసేస్తే, ఊపిరి పీల్చుకుని మిగతాది వెతకడానికి చోటు దొరుకుతుంది.

37. ఫోన్‌లో టెర్మక్స్ వేసి ఎస్ఎస్‌హెచ్ అమర్చుకోండి. కడపలో ఉన్న సర్వర్ కోసం కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సెక్కే పని తప్పుతుంది, వంటింట్లో నుంచే చూసుకోవచ్చు.

38. 80 శాతం దాటగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా క్రాన్‌లో చిన్న స్క్రిప్టు పెట్టించండి. పెళ్లిళ్ల ముహూర్తాలు మొదలయ్యే వారం ముందు చేత్తో కూడా ఒకసారి డీఎఫ్ కొట్టి చూడండి.

39. ఇవన్నీ చూశాక కూడా డిస్కు 80 శాతం మీదే ఉంటే, ఉన్నవన్నీ నిజంగా అవసరమైన ఫైళ్లే అయితే, అప్పుడు మొహమాటపడకుండా పెద్ద డిస్కు కొనండి. ఆ డబ్బు దండగ కాదు.