పెద్ద ఫలకంపై చిన్న కటకం

ఛాయాగ్రహణ విద్య ఒకనాడు ప్రభువుల ఆదరణలో పెరిగినది. హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్‌ను ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదుతో గౌరవించిన సంగతి ప్రసిద్ధమే. నేడు ఆ విద్య సామాన్యుని ఇంటికి వచ్చినది. మన భీమవరంలో పెండ్లిళ్లకు, నిఖాలకు, మావుళ్లమ్మవారి ఉత్సవాలకు కెమెరా పట్టుకొని వెళ్లి, ఆ వచ్చిన సొమ్ముతో చదువు సాగించుకొనే విద్యార్థులు మన కాలేజీలోనూ ఉన్నారు. వారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “పాత క్రాప్ సెన్సారు కెమెరాకు కొన్న లెన్సులను కొత్త ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించవచ్చునా? తగిలిస్తే లాభమెంత, నష్టమెంత?”

ఈ ప్రశ్నకు సమాధానం మేము పుస్తకంలో కాక పొరపాటులో నేర్చుకొన్నాము. కిందటి సంవత్సరం చివరి తరగతి విద్యార్థుల బృందచిత్రం తీయడానికి ఒక ఫుల్ ఫ్రేమ్ కెమెరాను ఎరువు తెచ్చాము. దానికి తగిన లెన్సు లేక, మా వద్ద ఉన్న క్రాప్ లెన్సునే బిగించాము. ఎండలో కెమెరా వెనుక తెర సరిగా కనబడలేదు. చిత్రాన్ని తరువాత కంప్యూటరులో చూస్తే నడుమ అంతా చక్కగానే ఉన్నది కాని, నాలుగు మూలలూ నల్లబడినవి. బల్లల మీద నిలిచిన వెనుక వరుసలో రెండు కొసల వారు ఆ నలుపులో కలిసిపోయారు. అప్పటికే విద్యార్థులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయారు. ఆ ఇద్దరిలో ఒకడు తన ఇంట కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు. చిత్రం తీసుకొనడానికి వచ్చిన అతని తల్లి చాలాసేపు దానిని అటూ ఇటూ తిప్పి చూచి, “మా అబ్బాయి ఎక్కడున్నాడండీ?” అని అడిగినది. మా వద్ద సమాధానం లేకపోయినది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

కటకం, గది

ముందుగా రెండు మాటల పుట్టుక తెలుసుకొందాము. ‘లెన్సు’ అనే లాటిన్ మాటకు మసూర పప్పు గింజ అని అర్థం. రెండు వైపులా ఉబ్బిన ఆ గింజ ఆకారమే కుంభాకార కటకానిది. ఉర్దూలో కటకాన్ని ‘అద్‌సా’ అంటారు. అదీ ఆ గింజకు అరబ్బీలో ఉన్న ‘అదస్’ అనే పేరు నుండి వచ్చినదే. ఇక ‘కెమెరా’ అంటే లాటిన్‌లో గది. మన ఉర్దూ విద్యార్థులు ఇంటిలో నిత్యం పలికే ‘కమ్రా’ పోర్చుగీసు వారి ద్వారా వచ్చిన దాని తోబుట్టువు. చీకటి గదిలోనికి సన్నని రంధ్రం గుండా వచ్చే వెలుగును శ్రద్ధగా పరిశీలించి వ్రాసిన వారిలో సుమారు 965లో బస్రాలో జన్మించిన ఇబ్న్ అల్ హైతమ్ అగ్రగణ్యుడు. ఆయన కైరోలో రచించిన ‘కితాబ్ అల్ మనాజిర్’ దృక్శాస్త్రానికి పునాది గ్రంథాలలో ఒకటి. నేటి కెమెరా కూడ ఆ చీకటి గదే. ముందు గోడలో కటకం, వెనుక గోడకు సెన్సారు అనే కాంతిగ్రాహక ఫలకం ఉన్నవి.

ప్రతిబింబ వృత్తం

మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టి, వెనుక తెల్లకాగితం ఉంచి చూడండి. కిటికీ తలక్రిందుగా కనబడుతుంది. కాగితం ఎంత పెద్దదైనా దానిపై స్పష్టమైన చిత్రం పడేది నడుమ కొంత మేరకే. అంచులకు పోయిన కొలది మసకబారుతుంది. కెమెరా లెన్సులోనైతే గొట్టము, లోపలి తెరలు కూడ అంచు కిరణాలను ఆపివేస్తాయి. కనుక వెలుగు ఒక గుండ్రని హద్దు వరకే పరచుకొంటుంది. దీనినే ప్రతిబింబ వృత్తం అంటాము. సెన్సారు దీర్ఘచతురస్రం. దాని నాలుగు మూలలూ ఈ వృత్తంలో ఇమిడితేనే చిత్రం నిండుగా వస్తుంది. అంటే వృత్తపు వ్యాసం సెన్సారు కర్ణానికి తగ్గరాదు.

ఇప్పుడు పైథాగరసు సూత్రం వర్తింపజేద్దాము. ఫుల్ ఫ్రేమ్ సెన్సారు 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గలది; కర్ణం 43.3 మి.మీ. నికాన్, సోనీ వారి క్రాప్ సెన్సారు సుమారు 23.5, 15.6 మి.మీ.; కర్ణం 28.2 మి.మీ. కానన్ వారిది ఇంకా కొంచెం చిన్నది. కర్ణాల నిష్పత్తి నికాన్, సోనీలకు 1.5, కానన్‌కు 1.6. క్రాప్ లెన్సును 28 మి.మీ. కర్ణాన్ని కప్పడానికే నిర్మించారు. అందువలననే అది చిన్నదిగా, తేలికగా, చవకగా ఉన్నది. దానిని 43 మి.మీ. కర్ణం గల ఫలకం ముందుంచితే మూలలు చీకటిలో పడక తప్పదు. మా బృందచిత్రానికి జరిగినది ఇదే.

ఈ కొలతలు ప్రకృతి నియమాలేమీ కావు. 1925లో వెలువడిన లైకా కెమెరా, సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి, 18, 24 మి.మీ. సినిమా చట్రాన్ని రెట్టింపు చేసి 24, 36 మి.మీ. చిత్రాన్ని ఏర్పరచినది. నేడు మనం ‘ఫుల్’ అని గౌరవించే చట్రం అదే. దశాబ్దాల పాటు మన తెలుగు చలనచిత్రాలు ముద్రితమైన ఫిల్ము చట్రం నేటి క్రాప్ సెన్సారుకు దగ్గరి కొలతదే. కనుక ‘క్రాప్’ అనగానే తక్కువ జాతి అని తలచవలసిన పని లేదు.

దర్పణం తొలగినందున కలిగిన మార్పు

పాత ఎస్సెల్లార్ కెమెరాలలో లెన్సుకు, ఫలకానికి నడుమ ఒక అద్దం ఉండేది. 2003లో వచ్చిన కానన్ ఇఎఫ్-ఎస్ లెన్సుల వెనుక భాగం లోపలికి చొచ్చుకొని ఉంటుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా అద్దానికి తగలకుండా వాటిని ఆ కెమెరాలకు అసలు బిగియని విధంగా తయారు చేశారు. 2013లో సోనీ, 2018లో నికాన్, కానన్ సంస్థలు ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాలను తెచ్చాయి. అద్దం పోవడంతో లెన్సు బిగించే చోటుకు, ఫలకానికి గల దూరం తగ్గినది, నికాన్‌లో 46.5 మి.మీ. నుండి 16 మి.మీ.కు, కానన్‌లో 44 నుండి 20 మి.మీ.కు. ఆ మిగిలిన జాగాలో అడాప్టరు అనే కడియం పట్టింది. పాత లెన్సులు ఆ కడియం ద్వారా కొత్త కెమెరాలకు బిగుస్తాయి.

ఇంకొక మేలు కూడ కలిగినది. కెమెరా తన సొంత జాతి క్రాప్ లెన్సును గుర్తించి, ఫలకం నడిమి భాగాన్ని మాత్రమే వాడుకొంటుంది. పాత కెమెరా దర్శినిలో ఆ భాగం చిన్న కిటికీలా కనబడేది. మిర్రర్‌లెస్ కెమెరా దానిని తెరనిండా పెద్దది చేసి చూపుతుంది. నికాన్ జడ్, కానన్ ఆర్ కెమెరాలలో సంస్థవారి క్రాప్ లెన్సు పెట్టినపుడు ఈ కత్తిరింపు తప్పనిసరి. సోనీలో ‘ఆటో’, ‘ఆన్’, ‘ఆఫ్’ అనే ఏర్పాటు ఉన్నది. మేము ఎరువు తెచ్చిన కెమెరాలో అది ‘ఆఫ్’ చేసి ఉన్నది. మేము చూచుకొనలేదు.

లాభనష్టాల లెక్క

మొదటిది చుక్కల లెక్క. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ ఫలకంపై అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలుంటాయి. 1.5 వంతున కత్తిరిస్తే అడ్డంగా 4000 మిగులుతాయి. మొత్తం పదిన్నర మెగాపిక్సెళ్లు. అంటే సగం కంటె తక్కువ. మన ప్రాంతపు పెండ్లి ఆల్బములలో 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు గల పుట వాడుకలో ఉన్నది. 4000 చుక్కలను 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 222 వస్తాయి. మేలైన ముద్రణకు 300 కావాలంటారు. 222తో ముద్ర చెడదు కాని, దానిని ఇంకా కత్తిరించి పెద్దది చేసే అవకాశం ఉండదు. 61 మెగాపిక్సెళ్ల కెమెరాలోనైతే కత్తిరించిన తరువాత కూడ 26 మిగులుతాయి; చింత లేదు. 4కే వీడియోకు అడ్డంగా 3840 చుక్కలు చాలును కనుక, 24 మెగాపిక్సెళ్ల కెమెరాలోనూ వీడియో తీసేవారికి క్రాప్ లెన్సు చాలా వరకు సరిపోతుంది.

రెండవది దృక్కోణం. 18 మి.మీ. క్రాప్ లెన్సు కత్తిరింపులో 27 మి.మీ. లెన్సు చూపే మేరకే చూపుతుంది. గునుపూడి సోమేశ్వరస్వామి ఆలయాన్ని కోనేటితో సహా ఒకే చట్రంలో ఇమడ్చదలచిన వారికి, కెమెరా మారినంత మాత్రాన దృశ్యం విశాలం కాదు.

మూడవది వెలుగు. ఎఫ్ సంఖ్య మారదు. చదరపు మిల్లీమీటరుకు పడే వెలుగు మారదు. కనుక ఎక్స్‌పోజరు లెక్క మారదు. కాని వాడుకొనే వైశాల్యం 2.25 వంతులు తగ్గుతుంది గనుక, చిత్రానికి చేరే మొత్తం వెలుగు అంతే తగ్గుతుంది. రాత్రి ముహూర్తపు చిత్రాలలో రవ్వలు హెచ్చుగా కనబడడానికి ఇదే కారణం. రాత్రి పనికని ఫుల్ ఫ్రేమ్ కొని, దానికి క్రాప్ లెన్సు తగిలించినవాడు తాను చెల్లించిన లాభాన్ని తానే మూసివేసుకొన్నవాడవుతాడు.

నాలుగవది దూరదృశ్యం. క్రాప్ వలన లెన్సు బలం పెరుగుతుందని పలువురి నమ్మకం. కొల్లేటి అంచున ఆటపాకలో గూడబాతులను చిత్రించడానికి వెళ్లిన విద్యార్థి ఉదాహరణ తీసుకొందాము. ఒకటిన్నర మీటర్ల పక్షి 60 మీటర్ల దూరాన ఉన్నది. లెన్సు 200 మి.మీ. ఫలకంపై పడే ప్రతిబింబం పొడవు 5 మి.మీ. ఫలకం చిన్నదైనా పెద్దదైనా అది 5 మి.మీ. మాత్రమే. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్‌లో ఆ పొడవులో సుమారు 830 చుక్కలుంటాయి. 24 మెగాపిక్సెళ్ల పాత క్రాప్ కెమెరాలో చుక్కలు దట్టం గనుక సుమారు 1280 ఉంటాయి. అనగా ఈ పనికి పాత కెమెరాను అమ్మి, అన్నే మెగాపిక్సెళ్ల కొత్త కెమెరా కొన్న విద్యార్థి డబ్బు పోసి వివరాన్ని పోగొట్టుకొన్నాడన్న మాట!

ఆచరణలో

కొన్ని క్రాప్ లెన్సులు కొన్ని నాభ్యంతరాల వద్ద పెద్ద ఫలకాన్ని కూడ కప్పుతాయి. టోకినా 11–16 మి.మీ. లెన్సు 16 వద్ద అటువంటిదే. కాని నలుపు లేనంత మాత్రాన మూలలు స్పష్టంగా ఉంటాయని అనుకొనరాదు. ఆ మేరను నిర్మాత సరిదిద్దలేదు. చదరపు చిత్రంగా కత్తిరించుకొంటే అటువంటి లెన్సు కొంత అక్కరకు వస్తుంది. ఏ లెన్సు బిగించినా ముందుగా తెల్లగోడను ఒక చిత్రం తీసి, నీడలో నిలబడి నాలుగు మూలలూ చూచుకొనవలెను. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పేదిది: చిత్రం ఎంత పెద్దదిగా కావాలో మొదట నిర్ణయించుకొని, మిగిలే చుక్కలను కాగితంపై లెక్కించి, ఆ తరువాతనే అప్పు మాట తలపెట్టండి. పగటి చిత్రాలకు, వీడియోకు పాత లెన్సులను నిర్భయంగా వాడండి. పెద్ద ఫలకపు పూర్తి ఫలితం కావలసినప్పుడు దానికి తగిన ఒక్క లెన్సును, సెకండు హ్యాండుదైనా సరే, సమకూర్చుకొనండి. ఫలకం ఎంత పెద్దదైనా, కటకం వెలుగు పరచినంత మేరకే చిత్రం.

కాలేజీ కమిటీ వారికి కూడ ఒక మనవి. కాలేజీకి ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనదలచితే దానికి సరిపడు లెన్సుకు కూడ అదే పద్దులో సొమ్ము కేటాయించవలెను. అంత సొమ్ము లేనియెడల ఉన్న పాత కెమెరాతోనే పని నడుపుకొనడం మేలు. ఈ సంవత్సరపు బృందచిత్రాన్ని మేము ఆ పాత క్రాప్ కెమెరాతోనే, దాని సొంత లెన్సుతోనే తీశాము. ముందుగా తెల్లగోడ పరీక్ష చేశాము. వెనుక వరుసలో రెండు కొసలా నిలిచిన వారి ముఖాలను, వారి తల్లులు వెతుకనవసరం లేకుండానే గుర్తించగలరు.