వేగంగల కటకం, నెమ్మది కటకం: ఏది మేలు?

కటకానికి వేగమేమిటి? అది పరుగెత్తదు కదా! అయినా ఫొటోలు తీసేవాళ్లు "ఇది ఫాస్టు లెన్సు, అది స్లో లెన్సు" అంటూ వుంటారు. ఈ మాటల అర్థం తెలుసుకోవడానికి మీరు బడిలో చదువుకునే కటకాల పాఠం, కాస్త భాగహారం చాలు.

ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం. జపాను దేశపు మామియా కంపెనీ 1975లో ఎం645 అనే కెమేరాను విడుదల చేసింది. ఇది 120 రకం రోలు ఫిల్ము మీద 56 మి.మీ. పొడవు, 41.5 మి.మీ. వెడల్పు గల బొమ్మ తీస్తుంది. మామూలు ఫిల్ము కెమేరాలో బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు మాత్రమే. వైశాల్యాలు లెక్కకట్టి చూడండి, మొదటిది సుమారు 2.7 రెట్లు పెద్దది. ఇటువంటి కెమేరాలను మీడియం ఫార్మాటు కెమేరాలంటారు. రోలుకు 15 బొమ్మలే వస్తాయి కాబట్టి ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ కెమేరాల వరుసకు వచ్చిన 80 మి.మీ. నాభ్యంతరం గల కటకాలలో రెండింటిని చూద్దాం. ఒకదాని మీద ఎఫ్/1.9 అనీ, రెండోదాని మీద ఎఫ్/2.8 అనీ వుంటుంది. మొదటిది లావు, బరువు, ఖరీదు కూడా.

నాభ్యంతరాన్ని ఎఫ్ పక్కనున్న సంఖ్యతో భాగిస్తే, కాంతి లోపలికి వచ్చే ద్వారం వ్యాసం వస్తుంది. 80ని 1.9తో భాగిస్తే సుమారు 42 మి.మీ.; 2.8తో భాగిస్తే సుమారు 28.6 మి.మీ. వైశాల్యం వ్యాసం వర్గాన్నిబట్టి మారుతుంది కనుక మొదటి కటకం రెండోదానికంటే సుమారు 2.2 రెట్ల కాంతిని పంపుతుంది. రెండో కటకానికి సెకనులో 30వ వంతు కాలం కావలసినచోట మొదటిదానికి 60వ వంతు సరిపోతుంది. వేగమంటే ఇదే! కన్ను పెట్టి చూసే గాజుతెర మీద బొమ్మ కూడా ఎక్కువ వెలుతురుగా కనిపిస్తుంది.

మీ ఇంట్లోని ఫోను కటకం ఎఫ్/1.8 కావచ్చు. "మామియాను మించిపోయిందే!" అనుకోకండి. దాని నాభ్యంతరం 6 మి.మీ. అనుకుంటే ద్వారం 3.3 మి.మీ. మాత్రమే.

మరి అందరూ వేగంగల కటకమే కొనవచ్చు కదా? ఒక ప్రయోగం చేసి చూడండి. పగటిపూట కిటికీకి ఎదురుగా తెల్ల కాగితం పట్టుకుని, భూతద్దంతో బయటి చెట్టు బొమ్మను దానిమీద పడేటట్లు చేయండి. (భూతద్దంలోంచి సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడకండి.) అంచులు కాస్త మసకగా వుంటాయి. ఇప్పుడు నల్ల కాగితానికి మధ్యలో ఒక సెంటీమీటరు రంధ్రం చేసి భూతద్దానికి అడ్డం పెట్టండి. వెలుతురు తగ్గుతుంది, బొమ్మ మాత్రం తేటపడుతుంది. కటకం అంచుల గుండా పోయే కిరణాలు, మధ్య గుండా పోయే కిరణాలు ఒకేచోట కలుసుకోకపోవడమే మసకకు ఒక ముఖ్య కారణం. దీనిని గోళీయ విపథనం అంటారు. ద్వారం పెద్దదయ్యేకొద్దీ దీనిని సరిదిద్దడం కష్టం. వేగంగల కటకం ఖరీదంతా చాలావరకు ఈ దిద్దుబాటుకే.

రంధ్రం వుండగానే తెల్ల కాగితాన్ని కొంచెం ముందుకూ వెనక్కూ జరపండి. బొమ్మ అంత త్వరగా చెదరదు. రంధ్రం తీసేస్తే కాస్త జరిపినా చెదిరిపోతుంది. కెమేరాలోనూ ఇంతే. మీటరు దూరంలోని ముఖాన్ని ఎఫ్/2.8 వద్ద తీస్తే ముందువెనుకలు కలిపి సుమారు 4 సెం.మీ. మేరకే స్పష్టంగా వస్తుంది. ఎఫ్/1.9 వద్ద 2.7 సెం.మీ. మాత్రమే. కన్ను తేటగా వుంటే చెవి మసకబారుతుంది. కొందరికి ఆ మసకే ఇష్టం, అది వేరే సంగతి.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 1999లో మా బడిలో గంటకొట్టే తాత పదవీ విరమణ రోజున, స్నేహితుడి స్టూడియోనుంచి ఈ కెమేరాను, ఎఫ్/1.9 కటకాన్ని అడిగి తెచ్చాను. మబ్బుపట్టిన సాయంత్రం. "ఇంత మంచి కటకం వుండగా స్టాండెందుకు?" అనుకుని పూర్తిగా తెరిచి, 60వ వంతులో తీశాను. కుర్చీలో కూర్చున్న ప్రధానోపాధ్యాయులవారిపై ఫోకసు పెట్టాను. దూరం 4 మీటర్లు. కుర్చీ వేసినా కూర్చోనని మొహమాటపడి, తాత వెనుక వరుసలో, మరో మీటరు దూరంలో నిలబడ్డాడు. బొమ్మ కడిగి చూస్తే ప్రధానోపాధ్యాయులవారి చొక్కా గుండీలు లెక్కపెట్టవచ్చు. తాత ముఖం మాత్రం పొగమంచులో వున్నట్లుంది. ఆయన బొమ్మ మా బడిలో అదొక్కటే.

నెమ్మది కటకం వుంటే బాగుండేదా? లేదు! ఎఫ్/1.9 వద్ద ఫోకసు వెనుక సుమారు 25 సెం.మీ. వరకే స్పష్టత, ఎఫ్/2.8 వద్ద 38 సెం.మీ. రెండూ తాతను చేరవు. ద్వారాన్ని ఎఫ్/8కి మూస్తే 1.3 మీటర్ల వరకు వచ్చేది. అప్పుడు కాలం సుమారు 18 రెట్లు, అంటే పావు సెకనుకంటే కాస్త ఎక్కువ కావాలి. చేతితో పట్టుకుంటే కుదరదు, స్టాండు వుండవలసిందే. అంతగా మూసినప్పుడు రెండు కటకాల బొమ్మలకూ తేడా కనిపెట్టడం కష్టం.

కాబట్టి నన్నడిగితే, మసక వెలుతురులో కదిలే మనుషులను, నాటకాలను తీసేవారికే వేగంగల కటకం. మిగిలినవారు నెమ్మది కటకం కొని, మిగిలిన డబ్బుతో గట్టి స్టాండు కొనుక్కోవచ్చు. స్టాండు కుదరనిచోట 100 వేగం ఫిల్ముకు బదులు 400 వేగం ఫిల్ము వేస్తే, నాలుగో వంతు కాంతే చాలు. ఖరీదైన కటకం ఇచ్చే లాభం కంటే ఇదే ఎక్కువ! పెద్ద ఫిల్ము కనుక దాని గరుకుదనం కూడా అంతగా కనబడదు.

ఆనాడు ద్వారాన్ని ఎఫ్/5.6కి మూసివుంటే ఎంతకాలం పట్టేదో మీరే లెక్కకట్టండి. సెకనులో సుమారు ఏడో వంతు రావాలి.