గృహ కంప్యూటరునకు కంట్రోలరు కార్డు

మన సభ్యులలో పలువురు ఇప్పుడు ఇంట కంప్యూటరు నుంచుకొని పంట లెక్కలు, దస్తావేజుల నకళ్లు, పిల్లల ఛాయాచిత్రములు అందు దాచుకొనుచున్నారు. కొన్ని యేండ్లకు డిస్కు నిండును. మఱియొక డిస్కు తగిలింపబోగా మదరుబోర్డుపై సాటా ద్వారములు ఖాళీ యుండవు. అంతమాత్రమున క్రొత్త యంత్రము కొననక్కఱలేదు. స్వల్పవ్యయముతో సాటా కంట్రోలరు కార్డు నమర్చుకొనవచ్చును. ల్యాప్‌టాపులకు మాత్రము ఈ పద్ధతి చెల్లదు.

మొదట పెట్టె తెఱచి ఖాళీగానున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటును చూడవలెను. పొట్టి కార్డు పొడవైన స్లాటులో కూర్చుండును గాని, పొడవైనది చివర మూసియున్న పొట్టి స్లాటులో పట్టదు.

కొనువారు మోసపోవునది ద్వారముల లెక్క చూచియే. తూములు ఆఱున్నను వెనుక కాలువ ఒక్కటే గదా! పీసీఐ ఎక్స్‌ప్రెస్ రెండవ తరపు ఒక్క దారిలో సెకనుకు 500 మెగాబైట్లు, మూడవ తరపు దారిలో సుమారు 985 పాఱును. తిరుగుడు డిస్కు ఒక్కొక్కటి 150 మొదలు 250 వఱకు కోరును. కావున ఏఎస్ఎమ్ 1061 అను చిప్పుగల రెండు ద్వారముల కార్డు రెండవ తరపు ఒకే దారితో రెండు డిస్కులకు చాలును. ఆఱింటికైనచో మూడవ తరపు రెండు దారులు వాడుకొను ఏఎస్ఎమ్ 1166 వంటిది మేలు. అంగడిలో ధరకన్న ముందు చిప్పు పేరడుగవలెను. రెయిడ్ కార్డు ఇంటికి అనవసరమని మా యభిప్రాయము.

అమర్చునప్పుడు యంత్రము నాపి, ప్లగ్గు లాగి, స్విచ్చిని కొన్ని సెకనులు నొక్కి పట్టవలెను. పెట్టె యొక్క రంగులేని యినుమును తాకి, ఒంటి విద్యుత్తును పోగొట్టుకొనవలెను. కార్డును అంచులయందు పట్టి, నిలువుగా నొక్కి, మర బిగింపవలెను. డిస్కునకు విద్యుత్తు కార్డు నుండి రాదు, పవరు సప్లై నుండి వేఱుగా నీయవలెను. ఒక పవరు సప్లైతో వచ్చిన విడి తీగలు మఱియొకదానికి తగిలించినచో డిస్కు కాలిపోవచ్చును.

ఇక ముఖ్యమైనది. విండోసులోని డిస్కు మేనేజిమెంటు క్రొత్త డిస్కును ఇనిషియలైజ్ చేయుమా యని యడుగును. డిస్కు నిజముగా క్రొత్తదైన ఒప్పుకొనవచ్చును. 2 టెరాబైట్లకు మించినదైన జీపీటీ పద్ధతి నెన్నుకొనవలెను. లెక్కలున్న పాత డిస్కునకు ఇదే ప్రశ్న వచ్చెనేని ఎంతమాత్రము ఒప్పుకొనరాదు. మేమొకమాఱు తొందరపడి సరే యంటిమి. విభాగముల పట్టిక చెఱిగి, మూడేండ్ల పాల లెక్క కానరాకపోయెను. చేతివ్రాత పుస్తకముండుటచే ఇరువది దినములు కూర్చుండి మరల నెక్కించితిమి. అట్టియెడ యంత్రము నాపి, తీగలు సరిచూచి, డిస్కును మునుపటి ద్వారమునకే తగిలించి చూడవలెను. తెఱచుకొన్నచో, ముందు లెక్కలకు వేఱొకచోట నకలు తీసికొని, పిమ్మట కార్డు సంగతి చూడవలెను.

విండోసు గల డిస్కును మాత్రము మదరుబోర్డు ద్వారముననే యుంచుడు. కొన్ని కార్డుల మీదనుండి యంత్రము మొదలుకాదు.