బావకు పని చెప్పు



అల్లుడూ, పక్షవాతం వచ్చిన మీ నాన్నను, అంటే మా బావను, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి మంచం దిగనివ్వడం లేదని, అన్నం ముద్దలు కూడా మీరే తినిపిస్తున్నారని రాశావు. ఆ ప్రేమను తప్పు పట్టలేను. కానీ ఇట్లా నెలలు గడిస్తే ఆయన పడిపోయిన కుడిచేతికి మేలు జరగదు సరికదా, ఇంకా చెరుపు జరుగుతుంది. పక్షవాతంలో చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు, నిజమే. అయితే వాటి చుట్టూ బతికున్న భాగం ఆ పనిని కొంతవరకు నేర్చుకుంటుంది. వాడకం ఉంటేనే నేర్చుకుంటుంది. 1996లో రాండాల్ఫ్ నూడో అనే అమెరికా శాస్త్రవేత్త బృందం చిన్న కోతుల మెదడులో చేతిని నడిపే చోట కొద్దిపాటి భాగాన్ని దెబ్బతీసి పరీక్షించింది. ఏ సాధనా చేయించని కోతుల్లో, దెబ్బ తగలని పక్క భాగంలో కూడా చేతికి ఉన్న చోటు కుంచించుకుపోయింది. చిన్న చిన్న గుంటల్లోంచి మేత ఏరుకునే పని రోజూ చేయించిన వాటిలో ఆ చోటు నిలిచింది. కొన్నింట్లో మోచేతికి, భుజానికి చెందిన చోట్లోకి కూడా అరచెయ్యి విస్తరించింది. అంటే ఊరికే ఉంచడం కూడా ఒక హానే.

కోతుల సంగతి మనుషులకు ఎట్లా చెల్లుతుందని అడుగుతావు. అడగాల్సిందే. 2006లో అమెరికాలో పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో చేసిన ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి రెండు వారాల పాటు, మెలకువగా ఉన్నంతసేపూ దాదాపు పూర్తిగా, బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ళ కన్నా వీళ్ళ చెయ్యి బాగా పనిచేసింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా కనిపించింది. కాబట్టి ఆరు నెలలు దాటితే ఇక ఏమీ కాదని ఎవరైనా చెబితే నమ్మకు. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, అంతే. అయితే ఆ పరీక్షలోకి తీసుకున్నది మణికట్టునూ వేళ్ళనూ ఎంతో కొంత కదపగలిగిన వాళ్ళనే. బావ చెయ్యి ఆ స్థితిలో ఉందో లేదో ఫిజియోథెరపిస్టే తేల్చాలి. మీ అంతట మీరు మంచి చేతిని కట్టేసే సాహసం చేయొద్దు, పడిపోతే పట్టుకోవడానికి ఆ చెయ్యే కావాలి.

విశ్రాంతి అవసరమనే మాటలోనూ కొంత నిజముంది. 2015లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, జబ్బు వచ్చిన 24 గంటల లోపే రోగుల్ని లేపి పదే పదే నడిపిస్తే ఫలితం మెరుగుపడకపోగా కొంచెం తగ్గింది. కానీ అది తొలి గంటల మాట. వారాలు గడిచాక దాన్ని సాకుగా వాడుకోవడం న్యాయం కాదు. అందుకని బావకు పని చెప్పు. రబ్బరు బంతి నొక్కడం మంచిదే గానీ, ముప్పై ఏళ్ళు పసుపు అడ్తి దుకాణం నడిపిన మనిషికి దానిమీద మనసు నిలవదు. పసుపు కొమ్ములు ఒక పక్క, గోళలు ఒక పక్క ఏరడం, కొమ్ము విరిచి లోపలి రంగు చూడడం, రసీదు చింపడం, నోట్లు లెక్కపెట్టడం ఆయన వేళ్ళకు తెలిసిన పనులు. ఏ పని తిరిగి రావాలో ఆ పనినే, మళ్ళీ మళ్ళీ చేయాలి. ఆలస్యమైతే కానివ్వు, ఓపిక పట్టు.

ఇంకో సంగతి మన ప్రాంతానికి దగ్గరిది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో 40.5 శాతం మందికి ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలిచాయి. ఒకే భాష వచ్చినవాళ్ళలో అది 19.6 శాతమే. చదువుకున్నవాళ్ళకే రెండు భాషలు వస్తాయి, గుణం చదువుదేనని అనవచ్చు. అందుకు జవాబు వాళ్ళ 2013 పరిశోధనలో ఉంది. మతిమరుపు జబ్బు వచ్చిన 648 మందిలో రెండు భాషలవాళ్ళకు అది నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది, అక్షరం ముక్క రానివాళ్ళలోనూ ఆ తేడా ఉంది. తెలుగుతో పాటు ఉర్దూ, సాంగ్లీ వ్యాపారులతో మరాఠీ మాట్లాడే మన ఆర్మూరు బజారుకు ఇది సంతోషించే మాటే. అయితే మరీ పొంగిపోవద్దు. మాట పడిపోవడం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒక్కటే. మూడో భాషతో అదనపు లాభం కూడా 2013 లెక్కల్లో కనబడలేదు. ఇవి పరిశీలనలే, కారణం భాషేనని రుజువు చేసిన ప్రయోగాలు కావు. అయినా చెయ్యదగ్గది చాలా సులువు: సాంగ్లీ నుంచి ఫోన్ వస్తే బావకే ఇవ్వు. మాట కోసం ఆయన తడుముకుంటుంటే నువ్వు అందించకు.

పాలల్లో పసుపు కలిపి తాగిస్తే మెదడు బాగుపడుతుందని మన ఊళ్ళో ఎవరో చెప్పే ఉంటారు. పసుపు బోర్డు 2025లో నిజామాబాదుకు వచ్చినందుకు నాకూ గర్వమే, కానీ పసుపులోని కర్కుమిన్‌ను మన ఒళ్ళు చాలా తక్కువగా గ్రహిస్తుంది. వంటలో వేసుకోండి. కర్కుమిన్ మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు, రక్తం పలుచన చేసే మందులతో అవి పడకపోవచ్చు. బీపీ మాత్ర ఒక్క పూట కూడా తప్పొద్దు. మూతి వంకర పోయినా, చెయ్యి జారినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి, రక్తపు గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు గడువు సాధారణంగా నాలుగున్నర గంటలే.

జనవరికి కొత్త పసుపు రావడం మొదలవుతుంది. ఈసారి దుకాణంలో కాంటా పక్కనే బావకు కుర్చీ వేయించు.

మీ మేనమామ