అమ్మమ్మ బొంత ఆరడానికి ఎంత ఎండ కావాలి?

మా ఇంట్లో ఒక బొంత ఉంది. అమ్మమ్మ కుట్టింది. పైనా కిందా రెండు నేతచీరలు, మధ్యలో తాతగారి పొందూరు ఖద్దరు పంచెలు, ఇంకా ఎవరెవరివో పాత చీరల ముక్కలు, అన్నీ కలిపి ఏడు పొరలు. చుట్టూ ఎర్రగుడ్డ అంచు. నాన్నగారిది రైల్వే ఉద్యోగం కాబట్టి ఆ బొంత కూడా మాతోపాటు శ్రీకాకుళం జిల్లా నుంచి ఝాన్సీ వెళ్ళింది, పోయిన ఏడాది బదిలీలో విశాఖపట్నం వచ్చింది.

ఝాన్సీలో ఉన్నంతకాలం దాన్ని ఉతకాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. చలికాలం ముందు రెండు రోజులు డాబా మీద ఎండలో పడేస్తే పెళపెళలాడేది. విశాఖ వచ్చాక జూలైలో, వాన కాస్త తెరిపి ఇచ్చిందని, నేనూ అమ్మా కలిసి ఉతికేశాం. మధ్యాహ్నం మళ్ళీ వాన. బొంతను లోపలికి తెచ్చి మూడు రోజులు ఫ్యాను కింద కుర్చీల మీద పరిచాం. మూడో రోజు సాయంత్రం చేత్తో తడిమి చూస్తే పొడిగానే ఉంది. మడతపెట్టి అలమారలో పెట్టేశాం. రెండు వారాల తర్వాత తీస్తే ముక్కు మూసుకోవలసిన వాసన, మడతల దగ్గర నల్లటి బూజు చుక్కలు. అప్పటికే మా తమ్ముడికి రాత్రిళ్ళు ఆయాసం వస్తోంది. డాక్టరుగారు మందులు రాసి, పక్కబట్టల్లో దుమ్ము, బూజు లేకుండా చూసుకోమన్నారు. అమ్మ అలమార వైపు చూసి ఒకటే మాట అంది: "ఈసారి భోగిమంటలో వేసేద్దాం."

భోగికి ఇంకా ఐదు నెలలు ఉంది. అంత గడువు చాలనిపించింది నాకు. మా సైన్సు టీచరుగారికి చెబితే, "దీన్నే నీ ప్రాజెక్టుగా చేయి" అన్నారు. ఈ వ్యాసం ఆ ప్రాజెక్టే. మేము సైన్సు ఇంగ్లీషులో చదువుకుంటాం కాబట్టి తెలుగు మాటల విషయంలో మా తెలుగు మేడమ్ సాయం చేశారు.

మొదట, పక్కబట్టల్లో ఏముంటుంది? మన చర్మం నుంచి రోజూ సన్నటి పొట్టు రాలుతూ ఉంటుంది. దాన్ని తిని బతికే జీవులు డస్ట్ మైట్లు. సాలెపురుగుకు దూరపు చుట్టాలు, ఎనిమిది కాళ్ళు ఉంటాయి, పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. ఇవి కుట్టవు, కరవవు. వీటి మలంలో ఉండే ప్రోటీన్లు ఊపిరితో లోపలికి పోయినప్పుడే కొందరికి ఎలర్జీ, ఆయాసం వస్తాయి. వీటి గురించి చదువుతుంటే నాకు ఆసక్తిగా అనిపించినది ఒకటి ఉంది. ఇవి నీళ్ళు తాగవు. గాలిలోని తేమను ఒంటితోనే పీల్చుకుంటాయి. అందుకే గాలిలో తేమ, అంటే సాపేక్ష ఆర్ద్రత, 50 శాతానికి దిగువన చాలాకాలం ఉంటే ఎండిపోయి చస్తాయి. వర్షాకాలంలో విశాఖలాంటి తీరప్రాంతంలో తేమ 80 శాతం చుట్టూ ఉంటుంది. బూజుకీ అదే కావాలి. ఝాన్సీలో బొంతను ఎండ కాపాడిందని అనుకున్నాం కానీ, అక్కడి పొడిగాలి కూడా సగం పని చేసింది.

అయితే ఎండలో వేస్తే చాలదా, ఉతకడం ఎందుకు? ఎండకు పురుగు చచ్చినా దాని మలంలోని ప్రోటీను బట్టలోనే ఉండిపోతుంది. అది నీళ్ళలో కరిగేది కాబట్టి ఉతికితేనే పోతుంది. 60 డిగ్రీల సెల్సియస్ వేడినీళ్ళలో ఉతికితే పురుగులూ చస్తాయి. తెల్ల దుప్పట్లు, దిండు గలీబులు అలాగే ఉతకవచ్చు. బొంత ఎర్రంచుకు అంత వేడి పనికిరాదు. తెల్ల చేతిరుమాలు తడిపి అంచు మీద గట్టిగా అదిమి చూస్తే లేత గులాబీ రంగు అంటింది. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని పక్కింటి ఆంటీ అన్నారు. అద్దకం వేసేటప్పుడు ఉప్పు పనికొస్తుంది కానీ, వదలడం మొదలుపెట్టిన రంగును అది ఆపలేదు. అందుకని గోరువెచ్చటి నీళ్ళే వాడాం, నానబెట్టడం కూడా అరగంటే.

అసలు పని డిసెంబరు సెలవుల్లో మొదలైంది. వానలు వెళ్ళిపోయాయి, ఆకాశం తేటగా ఉంది. ముందు తమ్ముడిని మామయ్యగారింటికి పంపేశాం. బొంత దులిపేటప్పుడు ఆయాసం ఉన్నవాళ్ళు దగ్గర ఉండకూడదు. నేను ముక్కుకు గుడ్డ కట్టుకుని డాబా మీద బూజు చుక్కలను పొడి బ్రష్షుతో రుద్దాను. ఆ తర్వాత నాన్నగారు లగేజీ తూచే కొక్కెం త్రాసుతో తూస్తే 2.8 కిలోలు వచ్చింది.

మా వాషింగ్ మెషిన్ 6 కిలోలది. 2.8 కిలోల బొంత అందులో పట్టదా అని మీరు అడగవచ్చు. జూలైలో మేమూ అలాగే అనుకున్నాం. మెషిన్ మీద రాసే 6 కిలోలు చొక్కాలు, తువ్వాళ్ళలాంటి విడి బట్టల పొడి బరువు. అవి తిరుగుతూ అన్ని వైపులా సర్దుకుంటాయి. బొంత ఒకే ముద్దగా ఒక పక్కకు చేరుతుంది. పిండే సమయంలో మెషిన్ గడగడ ఊగి ఆగిపోయింది. ఈసారి పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో వేసి కాళ్ళతో తొక్కాం. అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువు దగ్గర అలాగే తొక్కేవారట. బండకేసి బాదితే పాత చీరలు చిరిగిపోతాయని అమ్మ భయపడింది. నూలుపోగు తడిస్తే బలం తగ్గదు, పెరుగుతుంది, కాబట్టి తొక్కడానికి తట్టుకుంటుంది. కానీ మెలితిప్పి పిండితే కుట్లు తెగుతాయి, అందుకే అదిమి పిండాం.

మా బోరు నీళ్ళు కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలతో మామూలు సబ్బు కలిస్తే నురగ రాదు, తెల్లటి మడ్డి వస్తుంది. ఆ మడ్డి బొంత పొరల్లో చిక్కుకుంటే ఎంత జాడించినా పోదు. అందుకే సబ్బు బదులు బట్టల పొడి వాడాం, అదీ చాలా కొంచెం. బొంతలాంటి మందపాటి దానికి మురికి వదిలించడం కన్నా పొడిని వదిలించడమే కష్టం.

ఇక్కడ నాకు లెక్క ఒకటి దొరికింది. అదిమి పిండాక కూడా బొంతలో సుమారు 4 లీటర్ల పొడినీళ్ళు మిగిలి ఉంటాయి. దానికి 20 లీటర్ల మంచినీళ్ళు పోసి, బాగా కలిసేలా తొక్కి, మళ్ళీ పిండితే 24 లీటర్లలో 4 లీటర్లు మిగులుతాయి. అంటే పొడిలో ఆరో వంతు మిగిలిందన్నమాట. ఇలా మూడుసార్లు చేస్తే ఆరో వంతులో ఆరో వంతులో ఆరో వంతు, అంటే 216లో ఒక వంతు. మొత్తం ఖర్చయిన నీళ్ళు 60 లీటర్లు. అవే 60 లీటర్లు ఒకేసారి పోసి జాడించి ఉంటే? 64లో 4 లీటర్లు, అంటే 16లో ఒక వంతు మిగిలిపోయేది. నీళ్ళు అంతే, ఫలితంలో పదమూడు రెట్లకు పైగా తేడా! అమ్మకు ఈ లెక్క చెబితే, "మా అమ్మ ఎప్పుడూ మూడుసార్లే జాడించేది, లెక్క చెప్పలేదు గాని" అంది.

ఇక ఆరబెట్టడం. నీళ్ళు కారుతుండగా తూస్తే త్రాసు 10 కిలోలు దాటింది. ఒక గంట పిట్టగోడ మీద వాలేసి కారనిచ్చాక 6.3 కిలోలు. అంటే ఇంకా 3.5 కిలోల నీరు ఆవిరి కావాలి. కారిపోయే నీటికి ఖర్చు లేదు, ఆవిరయ్యే నీటికే ఉంది. అందుకే ఆ గంట ఓపిక పట్టడం చాలా ముఖ్యం.

బాష్పీభవనం వేగం నాలుగింటి మీద ఆధారపడుతుందని తొమ్మిదో తరగతిలో చదువుకున్నాం: ఉష్ణోగ్రత, గాలికి తగిలే ఉపరితలం, గాలి వేగం, గాలిలోని తేమ. జూలైలో మేము ఈ నాలుగింటిలో మూడు పోగొట్టుకుని ఒక్క ఫ్యానును నమ్ముకున్నాం. పైగా కుర్చీల మీద రెండు మడతలుగా పరిచాం. ఒకే దండెం మీద వేసినా అదే ఇబ్బంది, రెండు సగాలు ఒకదానికొకటి అతుక్కుని లోపలి వైపు గాలి ఆడదు. బరువంతా ఒకే గీత మీద పడి కుట్లు లాగేస్తాయి కూడా. ఈసారి వాచ్‌మన్ తాతగారిని అడిగి ఆయన నవారు మంచం డాబా మీదికి ఎక్కించాం. మంచం మీద పరిస్తే పైనుంచి ఎండ, కిందనుంచి గాలి. గంటకోసారి తిరగేశాం.

ఉదయం 9 గంటలకు 6.3 కిలోలు. 11 గంటలకు 5.0. మధ్యాహ్నం 1 గంటకు 3.8. ఈ లెక్కన 3 గంటలకల్లా పూర్తిగా ఆరిపోతుందని నేను డైరీలో ముందే రాసేశాను. కొట్టేయవలసి వచ్చింది. 3 గంటలకు 3.2, సాయంత్రం 5 గంటలకు 3.0. మొదటి నాలుగు గంటల్లో రెండున్నర కిలోల నీరు పోతే, తర్వాతి నాలుగు గంటల్లో పోయింది 800 గ్రాములే.

కారణం పొరల్లో ఉంది. మొదట పైపొర మీది నీరు నేరుగా గాలిలోకి పోతుంది. అది అయిపోయాక లోపలి పొరల్లోని నీరు పోగుల సందుల గుండా పైకి రావాలి, అది నెమ్మది. ఇంకొకటి, నూలు అంటే సెల్యులోజ్. దానిలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను పట్టుకుని ఉంచుతాయి. ఆఖరి నీరు అందుకే అంత తేలిగ్గా వదలదు. 3 గంటలకు నేను చేత్తో తడిమితే బొంత పూర్తిగా పొడిగా అనిపించింది. కానీ త్రాసు ఇంకా 400 గ్రాముల నీరు ఉందని చెబుతోంది! జూలైలో మేము అలమారలో పెట్టింది సరిగ్గా ఇలాంటి బొంతనే. చెయ్యి పైపొరను మాత్రమే చూస్తుంది.

చీకటి పడితే మంచు పడుతుందని 5 గంటలకు లోపలికి తెచ్చేశాం. మర్నాడు పొద్దున తూస్తే 3.1! ఎవరూ నీళ్ళు పోయలేదు. రాత్రి గదిలోని తేమను అదే పీల్చుకుంది. రెండో రోజు మళ్ళీ మంచం మీద వేసి, 12 గంటలకు తూస్తే 2.8, రెండు గంటలకు తూసినా 2.8. రెండుసార్లూ ఒకే బరువు వస్తే ఆరినట్టే అని టీచరుగారు ముందే చెప్పారు. నిజానికి ఆ 2.8లో కూడా కొంత నీరు ఉంటుంది. మామూలు గాలిలో ఉన్న నూలు తన బరువులో సుమారు 8 శాతం తేమను ఎప్పుడూ దాచుకుంటుంది. అంటే మనం కప్పుకునే పొడి బొంతలో దాదాపు ఒక గ్లాసు నీళ్ళు ఉన్నాయన్నమాట.

మరి ఎంత ఎండ కావాలి? మామూలు వాతావరణంలో కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. 3.5 కిలోలకు దాదాపు 8,500 కిలోజౌళ్ళు. ఒక యూనిట్ కరెంటు 3,600 కిలోజౌళ్ళు కాబట్టి ఇది సుమారు 2.4 యూనిట్లతో సమానం. ఇంత వేడిని ఎండా గాలీ కలిసి ఒకటిన్నర రోజులో బొంతకు అందించాయి.

అన్ని పక్కబట్టలకూ ఈ పద్ధతి పనికిరాదు. ఝాన్సీలో కొన్న దూది రజాయిని నీళ్ళలో ముంచితే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది. దానికి పైగలీబు మాత్రమే ఉతికి, రజాయిని ఎండలో వేయాలి. మరీ గట్టిపడితే విప్పి దూది ఏకించాలి. బూరుగుదూది దిండ్లూ అంతే. ఉన్ని గొంగడిని వేడినీళ్ళలో వేసి తొక్కితే ఉన్నిపోగు మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని కుంచించుకుపోతుంది. దానికి చన్నీళ్ళు, కుంకుడుకాయ రసం చాలు. ఫోమ్ పరుపును తడపకపోవడమే మంచిది, ఒకసారి లోపల తడి చేరితే ఏ ఎండా దాన్ని బయటికి లాగలేదు.

బూజు చుక్కలు పూర్తిగా పోలేదు. దగ్గరగా చూస్తే మడతల దగ్గర బూడిదరంగు మచ్చలు కనిపిస్తాయి. వాసన మాత్రం లేదు. తమ్ముడి మందులు ఆపలేదు, బొంతను వాడికి కప్పడమూ లేదు. డాక్టరుగారు మళ్ళీ చూశాక ఆలోచిద్దామంది అమ్మ. ప్రస్తుతానికి అది నా మంచం మీద ఉంది. వర్షాకాలంలో దాన్ని అలమారలో పెట్టకుండా హాల్లో గాలి ఆడేచోట ఉంచాలని ఒప్పందం.

భోగి రోజు మంటలో విరిగిన కుర్చీ, పాత చీపుళ్ళు వేశాం. అమ్మమ్మకు ఫోన్ చేసి త్రాసు సంగతి, ఆరో వంతు లెక్క, 2.4 యూనిట్ల సంగతి అన్నీ వరసగా చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది ఒకటే: "అదంతా సరేగాని అమ్మలూ, ఎర్రంచు రంగొదిలిందేటే?"

కొంచెం వదిలింది అన్నాను.